‘బోల్డ్’, ‘డేర్’, ‘దిట్ట’: తెగువను తెలిపే పదాల పుట్టుక, అర్థవిపరిణామం (ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంత భాషానేపథ్యంలో)

వ్యాససంగ్రహం:

ఆంగ్లంలో తెగువను తెలిపే ‘బోల్డ్’ అనే విశేషణం పుట్టుకను, అందులో కాలక్రమాన వచ్చిన అర్థవిపరిణామాన్ని, అది నేటి తెలుగులోకి వచ్చి స్థిరపడిన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తెలుగు, కన్నడం, ఉర్దూ కలిసి వ్యవహారంలో ఉన్న ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం ఇందుకు నేపథ్యం. తెగువను తెలిపే పదాలు కొన్ని ‘భయం’ అనే భావానికి, మరికొన్ని ‘సిగ్గు’ అనే భావానికి ఎదురుగా నిలుస్తాయి. ఆంగ్లంలో రెండింటికీ చెల్లిన ‘బోల్డ్’ తెలుగులో ప్రధానంగా సిగ్గుకు ఎదురుపదంగా మిగిలిందని, అందువల్ల దాని ప్రయోగం స్త్రీల విషయంలోనే ఎక్కువగా కనిపిస్తుందని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అర్థవిపరిణామం, ఆదానపదాలు, సజాతీయపదాలు, దిట్ట, ప్రగల్భ, తెగువ, సరిహద్దు మాండలికం.

1. ఉపోద్ఘాతం:

ఆదోని చరిత్ర భాషల రాకపోకల చరిత్ర కూడా. విజయనగరం, బీజాపూరు, మొగలాయి, నిజాం పాలనలు చూసిన ఈ ప్రాంతం 1800లో దత్తమండలాలలో భాగంగా ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. తరువాత బళ్ళారి జిల్లాలో ఉండి, 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు ఆలూరు, రాయదుర్గం తాలూకాలతో పాటు ఆదోని తాలూకా ఇటు చేరింది. నాటి ఆదోని తాలూకాలోనిదే ఎమ్మిగనూరు.

ఈ నేల బహుభాషాత్మకతకు బలమైన లిఖితసాక్ష్యం 1823 నాటి బళ్ళారి కలెక్టరు ఎ.డి. కాంబెల్ విద్యానివేదిక. 1816లో తెలుగు వ్యాకరణాన్ని, 1821లో తెలుగు నిఘంటువును వెలువరించిన కాంబెల్ ఈయనే. ఆ నివేదిక ప్రకారం జిల్లాలోని 533 విద్యాలయాలలో కన్నడ పాఠశాలలు 235, తెలుగు పాఠశాలలు 226, మరాఠీవి 23, పారశీకానివి 21, తమిళానివి 4. ఇవి కాక సంస్కృత విద్యాస్థానాలు 23. ఆంగ్ల పాఠశాల ఒక్కటే. తెలుగు, కన్నడ పాఠశాలల సంఖ్య దాదాపు సమానంగా ఉండటం, పారశీకానికి స్థానముండటం, ఆంగ్లం ఇంకా గడపలోనే ఉండటం ఇక్కడ గమనించదగినవి. ఆ నాలుగు వైపుల నుండీ వచ్చిన పదాలు ఈనాడు ఒకే వాక్యంలో కలుస్తున్నాయి. ‘వానికి ధైర్యం ఉంది’, ‘వానికి దమ్ముంది’, ‘వానికి డేర్ ఎక్కువ’ అనే మాటలు ఒకే నోట వినవస్తాయి. ‘ఆయమ్మ బోల్డ్‌గా మాట్లాడుతుంది’ అనేది కూడా ఆ నోటనే వినవస్తుంది. మొదటి మూడింటికీ, నాలుగోదానికీ మధ్యగల భేదమే ఈ వ్యాసానికి మూలప్రశ్న.

2. ‘బోల్డ్’ పుట్టుక, ఆంగ్లంలో పరిణామం:

ప్రాచీన ఆంగ్లంలో ఈ పదం రూపం ‘బేయల్ద్’. జర్మానిక్ భాషలన్నింటిలోనూ దీని సజాతీయపదాలున్నాయి. శౌర్యవంతుడు, నిబ్బరం గలవాడు అన్నవి తొలి అర్థాలు. యోధుల సమాజంలో ఇది ప్రశంసాపదం కనుకనే వ్యక్తినామాలలో చేరింది. బాల్డ్విన్, ఆర్చిబాల్డ్, లియోపోల్డ్ వంటి పేర్లలోని ‘బాల్డ్’, ‘పోల్డ్’ భాగాలు ఈ మాటకు రూపాంతరాలే. జర్మన్‌లో ఈ పదం మరో దారి పట్టింది. సంకోచించనివాడు వెంటనే పనికి దిగుతాడు. ఆ ‘వెంటనే’ అనే ఛాయ బలపడి, శౌర్యార్థం క్షీణించి, నేటి జర్మన్‌లో ‘బాల్ట్’ అంటే ‘త్వరలో’ అని మాత్రమే అర్థం. ఒకే పదం రెండు సోదరభాషలలో ఎంత దూరం జరగగలదో చెప్పడానికి ఇది చక్కని ఉదాహరణ.

ఆంగ్లంలో మధ్యయుగం నాటికే దీనికి నిందార్థం తోడైంది. పెద్దల ముందు అణకువ లేనివాడు, హద్దెరుగనివాడు అన్న అర్థం ప్రశంసతో పాటే సాగింది. శ్రేణులుగా విడిపోయిన సమాజంలో యుద్ధరంగంలో గుణమైనది గృహంలో, కొలువులో దోషమైంది. స్త్రీకి ఈ విశేషణం చేర్చినప్పుడు ‘సిగ్గులేని’ అనే అర్థం ముందుకు వచ్చింది. ఐర్లండు ఆంగ్లంలో నేటికీ ‘బోల్డ్’ పిల్లవాడంటే అల్లరివాడని అర్థం. మరోవైపు కంటికి కొట్టొచ్చినట్టు కనిపించేదనే భౌతికార్థం వృద్ధిచెంది, ముద్రణలో దళసరి అక్షరానికి పేరయింది.

ఈ దశలను క్రమంలో పెడితే శౌర్యం, నిస్సంకోచం, అవినయం, నిర్లజ్జ, ప్రస్ఫుటత అనే అయిదు అర్థాలు కనిపిస్తాయి. తరువాతి అర్థం వచ్చినా ముందరిది పోలేదు. అందువల్ల నేటి ఆంగ్లంలో ఈ పదం భయానికీ, సిగ్గుకూ కూడా ఎదురుపదంగా చెల్లుతుంది.

3. ‘డేర్’, ‘దిట్ట’: ఒకే వేరుకు పుట్టిన పదాలు:

‘డేర్’ ఆంగ్లంలో ప్రధానంగా క్రియ. తెలుగులో అది నామవాచకమైంది. ‘డేర్ చేశాడు’, ‘డేర్ ఎక్కువ’, ‘డేర్ లేదు’ అనేవి తెలుగు నిర్మాణాలే. ప్రాచీన ఆంగ్ల రూపం ‘దుర్రన్’ ద్వారా ఈ పదం మూల ఇండో యూరోపియన్ ధాతువు ‘ధెర్స్’కు చేరుతుంది. సంస్కృతంలోని ‘ధృష్’ ధాతువుకు కూడా అదే మూలం. ఆ ధాతువుకు పాణినీయ ధాతుపాఠం చెప్పే అర్థం ప్రాగల్భ్యం. గ్రీకులో తెగింపును తెలిపే ‘థ్రసుస్’ కూడా ఈ కుటుంబంలోదే. అరిస్టాటిల్ శౌర్యాన్ని పిరికితనానికీ, మితిమీరిన తెగింపునకూ నడుమ నిలిపినప్పుడు ఆ రెండో అంచుకు ఈ ధాతువునుండి పుట్టిన పదాన్నే వాడాడు.

ధృష్ ధాతువునుండి వచ్చిన ‘ధృష్ట’ సంస్కృతంలోనే రెండు ముఖాలు కలది. ద్రుపదుని కుమారుడు ధృష్టద్యుమ్నుని పేరులో అది వీరగుణం. అలంకారశాస్త్రంలోని నాయకభేదాలలో మాత్రం అనుకూలుడు, దక్షిణుడు, శఠుడు అనేవారి సరసన చేరే ‘ధృష్టుడు’ తప్పు బయటపడినా సిగ్గుపడని నాయకుడు. అంటే భయానికి ఎదురుపదంగా మొదలైనది సిగ్గుకు ఎదురుపదం కావడం ఇక్కడా జరిగింది.

ప్రాకృతరూపాల మీదుగా ఈ పదం ఆధునిక భాషలకు చేరిన తీరు మరింత ఆసక్తికరం. హిందీలో ‘ఢీఠ్’ అంటే సిగ్గులేని మొండి. కన్నడంలో ‘దిట్ట’ అంటే ధైర్యశాలి. ‘దిట్టతన’ కన్నడ పత్రికలు నిత్యం వాడే ప్రశంసాపదం. తెలుగులో ‘దిట్ట’ అంటే నేర్పరి. ‘లెక్కల్లో దిట్ట’ అన్నప్పుడు ధైర్యప్రసక్తి లేదు. భయం లేకుండా పనికి దిగేవాడు ఆ పనిలో ఆరితేరినవాడై ఉంటాడనే ఊహ ఈ మార్పుకు కారణమై ఉండవచ్చు.

ఆదోని ప్రాంతంలో ఈ రెండర్థాలూ ఎదురుపడతాయి. కన్నడం ఇంటిభాషగా గల విద్యార్థి ‘ఆమె దిట్ట’ అని తెలుగులో రాస్తే, ‘ఆమె ధైర్యవంతురాలు’ అని అతని ఉద్దేశం కావచ్చు. తెలుగు ఉపాధ్యాయుడు ‘దేనిలో దిట్ట?’ అని అడుగుతాడు. తెలుగులో ‘దిట్ట’కు సప్తమీ విభక్తితో కూడిన విషయపదం కావాలి, కన్నడంలో అక్కరలేదు. సరిహద్దు ప్రాంతంలో దోషంగా కనిపించేది వాస్తవానికి పదం పాత అర్థాన్ని నిలుపుకున్న ప్రయోగమని గుర్తించడం బోధనలో అవసరం.

ఇదే ధాతువునుండి వచ్చిన ‘ధార్ష్ట్యం’ వాడుకలో ‘దాష్టీకం’గా మారి దౌర్జన్యానికి పర్యాయమైంది. ఆ విధంగా తెలుగులో ఒకే మూలం మూడు పొరలుగా ఉంది. ‘దిట్ట’ నేర్పుకు, ‘దాష్టీకం’ దౌర్జన్యానికి, ఆంగ్లం చుట్టి తిరిగివచ్చిన ‘డేర్’ ధైర్యానికి చెల్లుతున్నాయి. వాడేవారికి ఈ మూడింటి చుట్టరికం స్ఫురించదు.

4. నేరం నుండి పురస్కారం దాకా: ‘సాహసం’:

తెగువను సమాజం ఏ దృష్టితో చూస్తుందనే దానిమీద పదం విలువ ఆధారపడుతుందనడానికి ‘సాహసం’ తిరుగులేని ఉదాహరణ. ‘సహస్’ అంటే బలం. ధర్మశాస్త్రాలలో ‘సాహసం’ బలప్రయోగంతో, బహిరంగంగా చేసే నేరం. పద్దెనిమిది వ్యవహారపదాలలో ఒకటి. దండనలకు కూడా ఆ పేరే వచ్చింది. మనుస్మృతి ప్రకారం ప్రథమసాహసం 250 పణాలు, మధ్యమసాహసం 500, ఉత్తమసాహసం 1000. ‘ఉత్తమసాహసం’ అంటే నేటి పాఠకునికి గొప్ప వీరకార్యం. ధర్మశాస్త్రంలో అది అత్యధిక జరిమానా. మితాక్షరను అనుసరించి 13వ శతాబ్దిలో కేతన రచించిన ‘విజ్ఞానేశ్వరీయము’ చదివే పరిశోధకుడు ఈ సంగతిని మనసులో ఉంచుకోవాలి.

మరోవైపు రెండవ చంద్రగుప్తునికి ‘సాహసాంకుడు’ అనే బిరుదు ప్రసిద్ధం. సామాన్యుడు చేస్తే దండన, రాజు చేస్తే బిరుదు. పదం ఒకటే, కర్త స్థాయి వేరు. ఆధునిక కాలంలో నేరార్థం పూర్తిగా లోపించి, బాలలకిచ్చే సాహసపురస్కారాల దాకా పదం వచ్చింది. అయినా ‘దుస్సాహసం’ అనే మాటలో పాత నీడ ఇంకా ఉంది.

5. ‘తెగు’ కుటుంబం, దేశ్య, అన్యదేశ్యాలు:

దేశ్యపదాలలో ‘తెగు’ ధాతువు తెగువకు సంబంధించిన కొలబద్దనంతటినీ తానే ఇస్తుంది. తెగడం అంటే తునగడం. 1938లో పద్మశ్రీ మాచాని సోమప్ప చేనేత సహకార సంఘాన్ని స్థాపించిన ఎమ్మిగనూరు వంటి నేతపట్టణంలో ‘పోగు తెగింది’ అంటే నష్టం, పని ఆగడం. మనిషికి అన్వయించినప్పుడు తెగేది సంకోచం, ప్రాణంపై ఆశ, లేదా హద్దు. ఏది తెగిందనే దాన్నిబట్టి పదం విలువ మారుతుంది. ‘తెగువ’ మెప్పు. ‘తెగింపు’ సందర్భాన్నిబట్టి మెప్పో, భయమో. ‘తెంపరితనం’ ఆలోచనలేమి. ‘బరితెగింపు’ పూర్తి నింద. ఇందులో తెగినది హద్దు.

ఈ వరుసలో లింగభేదం స్పష్టం. ‘తెగించిన మగవాడు’ అంటే ప్రాణానికి వెరవనివాడు. ‘తెగించిన ఆడది’ అంటే వాడుకలో సిగ్గు విడిచినది. ధాతువు ఒకటే, ప్రత్యయం ఒకటే. కర్త మారగానే తెగినది ప్రాణాశ కాక మర్యాద అయింది. ‘చొరవ’ పదానిదీ ఇటువంటి స్థితే. ‘చొరవ తీసుకున్నాడు’ మెప్పు, ‘చొరవ ఎక్కువ’ ఆక్షేపణ.

అన్యదేశ్యాలలో పారశీకం నుండి వచ్చిన ‘దమ్ము’కు మూలార్థం శ్వాస. ‘దమ్ముంటే రా’ అనేది ఎదుటివాని ఊపిరిని పందెంగా పెట్టే సవాలు. ఉర్దూ వ్యవహర్తలు వాడే ‘హిమ్మత్’ కూడా ఈ ప్రాంతానికి కొత్త కాదు. ఇవి రెండూ భయానికి మాత్రమే ఎదురుపదాలు. సిగ్గుతో వీటికి ప్రసక్తి లేదు. ‘దమ్మున్న ఆడది’ అన్నా అందులో శీలనింద ఉండదు.

6. తెలుగులో ‘బోల్డ్’:

ముందుగా సమరూపపదాలను వేరుచేయాలి. ‘బోల్డు డబ్బు’ అన్నప్పటి ‘బోల్డు’ అచ్చతెలుగు మాట. గంపెడు, గుప్పెడు, దోసెడు మాటల వలె ‘ఎడు’ చేరిన ‘బోలెడు’కు అది సంకోచరూపం. క్రికెట్టులోని ‘బౌల్డ్’ మరో ఆదానపదం. అచ్చుపనిలోని ‘బోల్డ్ అక్షరాలు’ మన ‘బోల్డ్’ పదమే గాని, దాని అర్థం దళసరితనానికి పరిమితం. ఈ మూడూ పోగా మిగిలిన ‘బోల్డ్’ మనుషులకు, మాటలకు, రచనలకు, దృశ్యాలకు విశేషణంగా వచ్చేది.

దీని సహప్రయోగాలను చూస్తే పదం స్థానం తెలుస్తుంది. బోల్డ్ సీన్, బోల్డ్ కథాంశం, బోల్డ్ పాత్ర, బోల్డ్ రచన, ‘బోల్డ్‌గా మాట్లాడింది’ అనేవి సహజప్రయోగాలు. ‘సైనికుడు బోల్డ్‌గా పోరాడాడు’, ‘రైతు బోల్డ్‌గా పులినెదిరించాడు’ అనేవి తెలుగు చెవికి పొసగవు. ఆంగ్లంలో ఈ పదానికి తొలి అర్థమైన శౌర్యమే తెలుగులో రాలేదన్నమాట. ఆ స్థానాన్ని ‘డేర్’, ‘గట్స్’ తీసుకున్నాయి.

రెండు వాక్యాలను పోల్చి చూద్దాం.

అ) ఆమె అధికారి ముందు ధైర్యంగా మాట్లాడింది.
ఆ) ఆమె అధికారి ముందు బోల్డ్‌గా మాట్లాడింది.

మొదటి వాక్యం వినగానే అధికారి బలవంతుడని, మాట్లాడితే నష్టముందని, ఆమె ఆ నష్టానికి వెరవలేదని తెలుస్తుంది. శ్రోత దృష్టి అధికారి మీదికి పోతుంది. రెండవ వాక్యంలో ఆమె ఏదో మాట్లాడకూడని విషయం మాట్లాడిందనో, మాట్లాడకూడని తీరులో మాట్లాడిందనో తోస్తుంది. దృష్టి ఆమె మీదనే నిలుస్తుంది. జీతం బకాయి గురించి ఆమె అడిగి ఉన్నా సరే, రెండో వాక్యంలో ఆ బకాయి కనుమరుగవుతుంది. ధైర్యం ఎదుటివాని బలానికి కొలమానం. బోల్డ్ మాట్లాడినవారి బిడియానికి కొలమానం.

ఈ కొలమానం ఆంగ్లంతో వచ్చినది కాదు. అలంకారశాస్త్రం నాయికలను ముగ్ధ, మధ్య, ప్రగల్భ అని విభజించినప్పుడు ఒక ముఖ్యమైన ఆధారం లజ్జ తరతమభేదమే. ముగ్ధలో లజ్జ అధికం, మధ్యలో లజ్జామన్మథులు సమం, ప్రగల్భలో లజ్జ సన్నగిల్లుతుంది. ‘ధృష్’ ధాతువుకు వైయాకరణులు చెప్పిన ‘ప్రాగల్భ్యం’ ఇక్కడ నాయికాలక్షణమైంది. అదే మాట తెలుగు వాడుకలో ‘ప్రగల్భాలు’గా బడాయికి దిగజారింది. ప్రగల్భ ఖాళీచేసిన చోటునే ‘బోల్డ్’ భర్తీచేసిందని చెప్పవచ్చు.

అయితే కావ్యంలో ప్రగల్భను వర్ణించడం కవికి చెల్లింది. స్త్రీయే కవియైనప్పుడు సమస్య వచ్చింది. 18వ శతాబ్దిలో తంజావూరులో ముద్దుపళని రచించిన ‘రాధికాసాంత్వనము’లోని శృంగారాన్ని కందుకూరి వీరేశలింగం తప్పుపట్టడం, 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ఆ కావ్యాన్ని పరిష్కరించి ప్రకటించడం, ప్రభుత్వం దాన్ని నిషేధించడం, 1947లో ఆ నిషేధం తొలగడం తెలిసినవే. అటువంటి శృంగారమే పురుషకవుల ప్రబంధాలలో ప్రౌఢిగా చెల్లింది. 1993లో ‘నీలిమేఘాలు’ స్త్రీవాద కవితా సంకలనం వెలువడిన కాలంలో కూడా స్త్రీ తన దేహం గురించి తానే రాయడంపై అశ్లీలమనే విమర్శ వచ్చింది. ఆనాటి ‘అశ్లీలం’ అనే మాట స్థానంలో ఈనాడు ‘బోల్డ్ రచన’ అనే మాట వస్తున్నది. నింద మెత్తబడింది గాని, కొలమానం మారలేదు. రచయిత్రి చెప్పిన విషయం ఏమిటన్న విచారణకు బదులు ఆమె ఎంత బిడియం విడిచిందన్న లెక్క మిగులుతున్నది.

న్యాయంగా మరో కోణం కూడా చెప్పాలి. ‘బరితెగింపు’కు బదులు ‘బోల్డ్’ రావడంలో కొంత వెసులుబాటు ఉంది. యువతులు తమను గురించి తాము ‘నేను బోల్డ్’ అని చెప్పుకోగలుగుతున్నారు. ‘నేను బరితెగించాను’ అని ఎవరూ చెప్పుకోరు. తిట్టుగా ఉన్న భావాన్ని స్వీయవిశేషణంగా మార్చుకునే అవకాశాన్ని పరాయిపదం ఇచ్చింది. కొత్తపదం కావడం వల్ల దానికి పాత మరకలు లేవు. కాని చెప్పుకునేవారి అర్థమూ, వినేవారి అర్థమూ ఒకటి కాకపోవడమే ఇబ్బంది.

ఈ ప్రాంతపు మాండలికంలో దీనికి ఒక ప్రత్యామ్నాయం ఉంది. ‘ఆయమ్మ గట్టిది’, ‘గట్టిమనిషి’ అనే మాటలు సంసారాన్ని, వ్యవహారాన్ని ఎదురుదెబ్బలకు తట్టుకుని నిలబెట్టిన స్త్రీని గురించి అనేవి. కన్నడంలో ‘గట్టిగిత్తి’ అనే స్త్రీవాచకమే ఉంది. స్వరాన్నిబట్టి ‘గట్టిదే’ అనడంలో వ్యంగ్యం రావచ్చు. అయినా అది ఆమె సిగ్గును కొలవదు, నిలకడను కొలుస్తుంది. స్త్రీ తెగువకు ప్రశంసాపదం మనకు లేదనుకోవడం మాండలికాన్ని చూడకపోవడం వల్ల వచ్చిన అభిప్రాయం.

7. ముగింపు:

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. ‘బోల్డ్’ ఆంగ్లంలో శౌర్యార్థంతో మొదలై అవినయ, నిర్లజ్జార్థాలను చేర్చుకుంది. తెలుగు ఆ చివరి అర్థాల వైపునుండే పదాన్ని స్వీకరించింది.

2. తెలుగులో రెండు ఆంగ్లాదానాల మధ్య పని విభజన జరిగింది. ‘డేర్’ భయానికి, ‘బోల్డ్’ సిగ్గుకు ఎదురుపదాలయ్యాయి.

3. ‘డేర్’, ‘దిట్ట’, ‘దాష్టీకం’ ఒకే మూలం గలవి. కన్నడ ‘దిట్ట’తో పోల్చినప్పుడే తెలుగు ‘దిట్ట’లోని మార్పు తెలుస్తుంది. సరిహద్దు విద్యార్థుల ప్రయోగాలను దోషాలుగా కొట్టివేయక ముందు ఈ తులన అవసరం.

4. ఆంగ్ల–తెలుగు నిఘంటువులలో ‘బోల్డ్’కు ధైర్యార్థం ఇవ్వడం ఆంగ్లపాఠాన్ని అనువదించేవారికి చాలు. నేటి తెలుగు వాక్యంలోని ‘బోల్డ్’ను వివరించడానికి అది చాలదు. ఆదానపదాలను తెలుగు పదాలుగానే, తెలుగు ప్రయోగాలతో నమోదుచేయాలి.

5. సాహిత్యవిమర్శలో ‘బోల్డ్’ అనే మాట విషయాన్ని పక్కకు నెట్టి వ్యక్తిని ముందుకు తెస్తుంది. పరిశోధనవ్యాసాలలో, సిద్ధాంతగ్రంథాలలో రచయిత్రుల గురించి ఈ విశేషణం రాసేముందు ఆమె దేనిని ఎదిరించిందో రాయడం మేలు. ఎదిరించినది ఉంటే ‘ధైర్యం’ అనే పదమే సరిపోతుంది. లేకపోతే ‘బోల్డ్’ అనే మాట ఆమె రచన గురించి కాక, మన అలవాట్ల గురించి చెప్పినట్లవుతుంది.